తోడు

గోదారి వరదకి ఇల్లు వదిలొచ్చి ఇవాళ్టికి ఆరో రోజు. నేనూ, అత్తయ్యా, పిల్లలిద్దరూ అంబాజీపేటలో వదిన గారింట్లో ఉన్నాం. ఆయన గేదెల్ని తోలుకుని ఏటిగట్టు మీదే ఉండిపోయారు.

పొద్దున లేచేసరికి అత్తయ్య వంటింట్లో గిన్నె మూత తీసి, పక్కకి వంచి చూస్తున్నారు. పెరుగు కదల్లేదు. అప్పుడుగానీ ఆవిడ మొహంలోకి కళ రాలేదు. గంటిపెదపూడి రేవులో పడవ దిగిన రోజు అందరి చేతుల్లోనూ బట్టల మూటలు, పాసు పుస్తకాలు, ఆధార్ కార్డులు. ఆవిడ చేతిలో మాత్రం చిన్న స్టీలు డబ్బా. అందులో మా ఇంటి పెరుగు, నాలుగు చెంచాలు. ఇక్కడివి ప్యాకెట్ పాలు. అయినా రోజూ రాత్రి గోరువెచ్చగా చేసి ఆ తోడే వేస్తారు, పొద్దున్నే మళ్లీ కాస్త డబ్బాలోకి తీసి దాస్తారు.

1986 ఆగస్టు వరదకి ఆవిడ కొత్త కోడలు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన గోదారి అది. ఇంట్లో నీళ్లు చూరు తాకాయట. తిరిగి వెళ్లాక గేదె పాలిచ్చింది, తోడు లేదు. ఊరు మొత్తం మీద ఏ ఇంట్లోనూ లేదు. మిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టుకున్నారట. "వారం రోజులు పిల్లలెవరూ ఆ పెరుగు నోట పెట్టలేదమ్మా" అంటారు ఇప్పటికీ. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడూ ఈ డబ్బానే తెచ్చారు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. పడవ మీద వెళ్లి ఇల్లు చూసొచ్చారట. నిన్న నాలుగో మెట్టు మీదున్న నీరు ఇవాళ మూడో మెట్టుకి దిగింది. వంగ, బెండ మడులు పోయినట్టే. అరటి నిలబడే ఉంది కానీ, ఇన్ని రోజులు నీళ్లలో నానితే దుంప కుళ్లిపోతుంది. కంద సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అత్తయ్య ఫోన్ తీసుకుని ఒకటే అడిగారు, "గేదెలకి తవుడుందా నాన్నా?" అని. ఎండుగడ్డే తలా కాస్తా పంచుకుంటున్నారని విన్నాక అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు.

వదిన ఎంత బాగా చూసుకుంటున్నా, చేతికి పని లేక పొద్దు గడవదు. ఈ వేళకి ఇంటి దగ్గరైతే చిట్టు కలిపి కుడితి పెట్టేదాన్ని.

సాయంత్రం టీవీలో చెప్పారు. భద్రాచలంలో నీరు 43 అడుగుల కిందికి దిగిందట. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక తీసేశారు. మొదటిది తీయాలంటే 11.75 అడుగుల కిందికి రావాలి. "ఇంకా రెండడుగులేనా అమ్మా?" అని పాప ఎగిరి గంతేసింది. ఎల్లుండి అమావాస్య. సముద్రం పోటు మీదుంటే వరద లాగదు, ఏటి మధ్యనున్న మా లంకల్లో నీరు అలాగే నిలబడిపోతుంది. దానికి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

రాత్రి అత్తయ్య ఒకటికి రెండు గిన్నెల్లో తోడువేశారు. రెండోది ఎవరికని అడిగితే, "మనం వెళ్లేసరికి ఊళ్లో ఎవరింట్లో ఉంటుంది? మూతలున్న ఖాళీ డబ్బాలుంటే వదిన్ని అడిగి తీసిపెట్టు" అన్నారు.

మా వీధిలో తొమ్మిదిళ్లు. ఇప్పటికి నాలుగు డబ్బాలు దొరికాయి.