చెరువులో వేసే బాసిల్లస్‌కు ఎన్ని జన్యువులు కావాలి?

మా భీమవరం వైపు రొయ్యల రైతులకు బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా అంటే ప్యాకెట్‌లో వచ్చే ప్రోబయోటిక్ పొడి, అంటే మేలుచేసే సూక్ష్మజీవుల పొడి. రాత్రి డ్రమ్ములో బెల్లం, తవుడు, ఈ పొడి కలిపి, గాలి గొట్టం వదిలి, పొద్దున్నే చెరువులో చల్లుతారు. సబ్బుపొడిలో కలిపే ఎంజైములనూ పరిశ్రమలు బాసిల్లస్ జాతుల చేతనే తయారుచేయిస్తాయి. నీటి పరీక్షల ల్యాబ్ నడిపే నాకు ఈ రెండు పనులకూ ఒకే జీనోమ్, అంటే ఒకే జన్యువుల మొత్తం, సరిపోతుందా అన్న సందేహం ఈమధ్య వదలడం లేదు.

బాసిల్లస్ సబ్టిలిస్ జీనోమ్ వరుస 1997లో వెలువడింది. సుమారు 42 లక్షల బేస్ జతలు (డీఎన్ఏలోని అక్షరాల జతలు), 4,100 జన్యువులు. ఒక్కొక్క జన్యువునే పనిచేయకుండా చేసి చూసిన జపాన్, ఐరోపా పరిశోధకులు, లేకపోతే ప్రాణం నిలవనివి 271 అని 2003లో లెక్క తేల్చారు. అంతే! అలాగని మిగతావన్నీ ఒక్క దెబ్బకు తీసేయడానికి లేదు. ఒకే పని చేసే జన్యువులు రెండుంటే, ఏ ఒక్కటి తీసినా కణం బతుకుతుంది. రెండూ తీస్తే చస్తుంది. ఆ గుట్టు పెద్ద పెద్ద ముక్కలు తీసినప్పుడే బయటపడుతుంది.

తీసే పద్ధతి నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ఈ బాక్టీరియా బయటి డీఎన్ఏను తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తీసేయదలచిన ముక్కకు అటూ ఇటూ ఉండే వరుసలు తయారుచేసి, వాటి నడుమ యాంటీబయోటిక్‌ను తట్టుకునే జన్యువు పెట్టి అందిస్తారు. సరిపోలిన చోట మార్పిడి జరిగి పాత ముక్క పోతుంది. ఆ మందు కలిపిన ప్లేటు మీద కాలనీ, అంటే పెరిగిన కణాల గుంపు, లేస్తే, ఆ ముక్క లేకుండా బతకగలదన్నమాట. ఎన్నిసార్లు చేసినా ప్లేటు బోసిగానే ఉంటే, అందులో ప్రాణాధారమేదో ఉందని అనుమానించాలి. ఇలా 874 కిలోబేసులు (8.74 లక్షల బేస్ జతలు), అంటే జీనోమ్‌లో అయిదో వంతు, తీసేసిన రకాన్ని జపాన్ బృందం 2008లో ప్రకటించింది. దాని చేత చేయించిన సెల్యులేజ్, ప్రోటియేజ్ ఎంజైముల దిగుబడి తగ్గలేదు సరికదా, పెరిగింది.

నా పేచీ ఇక్కడే. ఆ 271 లెక్క బాక్టీరియాను పెంచే ఎల్‌బీ అనే పుష్టికరమైన మాధ్యమంలో, 37 డిగ్రీల దగ్గర తీసినది. అమైనో ఆమ్లాలన్నీ పళ్లెంలో వడ్డించాక వాటిని వండుకునే జన్యువులతో పనేముంది? స్పోర్ (ఎండనూ వేడినీ తట్టుకుని నిద్రాణంగా ఉండే గట్టి రూపం) కట్టే జన్యువులూ అంతే. పరిశ్రమల్లో బాక్టీరియాను పెంచే ఫెర్మెంటర్ తొట్టెలో కణాలు స్పోర్లుగా మారితే ఎంజైము తయారీకి నష్టమే. రేకుల షెడ్డులో మగ్గే ప్యాకెట్‌లో మాత్రం బతికి ఉండేది స్పోరే. అందుకే నేను పొడిని నీళ్లలో కలిపి, 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే ప్లేటు వేస్తాను. మామూలు కణాలు చచ్చిపోయి స్పోర్లు మాత్రమే మొలుస్తాయి. లేబుల్ మీద కోట్లు, ప్లేటు మీద పదో పరకో చూపించే ప్యాకెట్లూ ఉన్నాయి. పేర్లెందుకు లెండి.

ఇదంతా విన్న ఉండి ఊరి రైతు ఒకాయన, "అయితే మేడం గారూ, ఆ బరువు తగ్గించిన రకం మన చెరువులో పనిచేస్తుందా అండీ?" అని అడిగారు. ఉప్పు, అమ్మోనియా, తెల్లవారుజామున పడిపోయే ఆక్సిజన్ మధ్య ఏ జన్యువు లేకపోతే చస్తుందో, చెరువు నీళ్లలోనే పెంచి చూస్తేగానీ చెప్పలేనన్నాను.

"రొయ్యల పట్టుబడి అయ్యాక ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని పట్టుకెళ్లండి" అన్నారాయన.