మీట నొక్కినవాడు ఒక్కడేనా

ఆదివారం, పర్లాకిమిడి.

వంతెన దాటి పాతపట్నం సంతలో కూరలు కొనుక్కుని వచ్చేసరికి పక్కింటి పిన్ని మా అరుగు మీద కూర్చుని ఉంది. వాళ్లబ్బాయి దోహాలో వెల్డరు, వచ్చే నెల సెలవుకి వస్తున్నాడు. టీవీలో క్షిపణులు చూసినప్పటినుంచి ఆవిడకి ఒకటే టెన్షన్. "పొరపాటున విమానాన్ని కూల్చేస్తే ఎవర్నడగాలమ్మా?" అంది. మా బావగారు లోపల్నుంచే "యుద్ధమన్నాక పొరపాట్లు మామూలే, ఎవర్నడిగి ఏం లాభం" అనేశారు. నాకు ఒళ్లు మండింది.

బెండకాయలు తరుగుతున్నంతసేపూ అదే ఆలోచన. 2014 జూలై 17న మలేషియా విమానం ఎంహెచ్17ని యుద్ధం జరుగుతున్న తూర్పు ఉక్రెయిన్ మీద కూల్చేశారు. 298 మంది పోయారు. మేం కాదంటే మేం కాదన్నారంతా. చివరికి కాక్‌పిట్ సిబ్బంది శరీరాల్లో బో టై ఆకారంలో ఉన్న చిన్న ఇనుప ముక్కలు దొరికాయి. నేల మీంచి విమానాల్ని కూల్చే 'బుక్' అనే క్షిపణి వార్‌హెడ్‌లో, అంటే పేలే భాగంలో, ఉండే ముక్కలవి. తీగ లాగితే డొంకంతా కదిలింది. క్షిపణిని వదిలిన లాంచర్ బండి రష్యా సైన్యం 53వ బ్రిగేడ్‌దని దర్యాప్తు బృందం తేల్చింది. 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురికి యావజ్జీవం వేసింది, నాలుగో అతన్ని వదిలేసింది. ముగ్గురూ కోర్టు గడప తొక్కనే లేదు, అది వేరే సంగతి.

నాకు నచ్చిందేమిటంటే, మీట నొక్కిన చెయ్యి ఎవరిదో కోర్టుకి తెలియదు. అయినా ఆ లాంచర్‌ని అక్కడికి రప్పించి వాడుకున్నవాళ్లకి శిక్ష పడింది. 2025లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం రష్యా దేశమే బాధ్యురాలంది. ఉక్రెయిన్‌కీ కొంత తగులుతుంది మరి. 32,000 అడుగుల వరకే గగనతలం మూసింది. ఆ విమానం 33,000లో ఎగురుతోంది. పూర్తిగా మూసెయ్యడానికి తగినన్ని కారణాలున్నాయని ప్రమాదాల మీద దర్యాప్తు చేసే నెదర్లాండ్స్ భద్రతా బోర్డే రాసింది. కూల్చినవాడి పాపం మాత్రం దీంతో తగ్గదు.

బావగారి 'పొరపాటు'కి అసలు ఉదాహరణ 1988 జూలై 3. అమెరికా నౌక విన్సెన్స్ ఇరాన్ ఎయిర్ 655 అనే ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని పేల్చేసింది. 290 మంది పోయారు, వాళ్లలో మన భారతీయులూ ఉన్నారు. నిజానికి విమానం పైకెక్కుతోంది. నౌకలో వాళ్లు దిగుతోందనుకున్నారు. ఆ కెప్టెన్‌కి తర్వాత పతకం కూడా ఇచ్చారు! అప్పట్లో అంత ఏడ్చిన ఇరానే 2020 జనవరిలో టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ విమానాన్ని కూల్చి, మూడు రోజులు మాది కాదని బుకాయించింది. 176 మంది.

సాయంత్రం బావగారికి కాఫీ ఇస్తూ అడిగేశాను. "పొరపాటే అనుకోండి. మాదే అని చెప్పడానికి ఇరాన్‌కి మూడు రోజులెందుకండీ?"

"ఒప్పుకుంటే డబ్బు కట్టాలి కదమ్మా."

"1988లో కూల్చిన ఆ ఇరాన్ విమానానికి 1996లో అమెరికా 6 కోట్ల డాలర్లకి పైగా కట్టింది కదండీ, తప్పు ఒప్పుకోకుండానే."