ఈకకు ఈక, తోకకు తోక

మార్చి, గురువారం. బెంగళూరు, వైట్‌ఫీల్డ్.

పొద్దున ఆరున్నరకు కేజ్ మీది గుడ్డ తీసి, ట్రే లాగి, రాత్రి రాలిన ఈకలన్నీ ఏరి తెల్లకాగితం మీద పరచడంతో రోజు మొదలు. బూడిదరంగు కాకటీల్ (నెత్తిన కుచ్చుజుట్టు ఉండే చిన్న చిలుక) ట్రేలో ఇవాళ గుప్పెడు దొరికాయి. ఎన్ని రాలాయన్న లెక్కతో పెద్దగా తేలేదేమీ ఉండదు. గుప్పెడు రాలినా పిట్ట దివ్యంగా ఉండొచ్చు, మూడే రాలినా ఏదో జబ్బు కావచ్చు. చూడాల్సింది కాడ మొదలు.

కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ఇవాళ్టివన్నీ శుభ్రంగా ఉన్నాయి. మొదలు గుండ్రంగా, బోలుగా, ఎండిపోయి తెల్లగా ఉంది. నెత్తురు మరక లేదు, వంపు లేదు, నడిమి ఈనె మీద ముక్కు గాటు లేదు. కింద కొత్త ఈక తోసుకొస్తే పాతది తనంతట తాను జారిపోయిందన్న మాట. పీకేసిన ఈక ఇలా ఉండదు. మొదట్లో తడి, ఒక్కోసారి ఎర్రటి చుక్క, కాడ మీద నొక్కు, అంచుల్లో ‘వి’ ఆకారంలో కత్తిరింపులు ఉంటాయి. కొరికేసిన ఈకకైతే మొదలే ఉండదు, పై సగం ముక్కే ట్రేలో పడుతుంది, కింది మోడు ఒంటి మీదే ఉండిపోతుంది.

గుప్పెడులో రెక్క ఈకలు రెండు. ఒకటి కుడి రెక్కది, ఒకటి ఎడమ రెక్కది, దాదాపు ఒకే వరస ఈక. మోల్టింగ్‌లో, అంటే పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునేటప్పుడు, పిట్ట జాగ్రత్త అదే: ఎగిరే ఈకల్ని జతలుగా, కొద్దికొద్దిగా వదులుతుంది. చిలుక జాతిలో రెక్క చివరి ఈకలు రాలడం మధ్యలో, అంటే ఐదో ఆరో ఈక దగ్గర, మొదలై రెండు వైపులకూ సాగుతుంది. అందుకే ఎంత రాల్చినా రెక్కలో ఒక చిన్న సందు కనిపిస్తుందే తప్ప ఒళ్ళు బోడి కాదు. చర్మం బయటపడిందంటే దాన్ని మోల్టింగ్ ఖాతాలో వెయ్యడానికి లేదు. ఒక్క మినహాయింపు లుటినో, అంటే పసుపు తెలుపు రంగు కాకటీల్. దాని జుట్టు వెనక పుట్టుకతోనే చిన్న బోడి ఉంటుంది. అది వంశంలో వచ్చింది, దానికి వైద్యం అక్కర్లేదు.

తల మీద, మెడ మీద మొలక ఈకలు ముళ్ళలా నిక్కి ఉన్నాయి. వాటి తొడుగు రాలి, కేజ్ చుట్టూ చుండ్రులా తెల్లపొట్టు. మొదటిసారి చూసినవాళ్ళు పేలు పట్టాయని బెంబేలు పడి మందు కొట్టేది ఇక్కడే. పంజరంలో పెరిగే చిలుకల్లో పురుగుల వల్ల ఈకలు పోవడం జనం అనుకున్నంత మామూలు కాదు. అనుమానం తీరకపోతే రాత్రి కేజ్ మీద తెల్లగుడ్డ కప్పి, పొద్దున్నే మడతల్లో ఎర్రటి చుక్కలు పాకుతున్నాయేమో చూస్తే సరి. మొలక ఈక తొడుగు ఎండి తెల్లబడితే గోటితో మెల్లగా నలపొచ్చు. తలకు దాని ముక్కు అందదు కాబట్టి అదే వంచి పెడుతుంది. మొదలు ఇంకా నీలంగా ఉంటే లోపల నెత్తురు పారుతున్నట్టు. ముట్టుకుంటే నొప్పి, కరిచేస్తుంది, తప్పు దానిది కాదు.

తూకం 94 గ్రాములు. తిండి పెట్టకముందు, పొద్దుటి మొదటి పెద్ద రెట్ట వేశాక, ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు మీద తూచాలి. మామూలు మోల్టింగ్‌లో బరువు నిలకడగానే ఉంటుంది. పిట్ట ఎక్కువ నిద్రపోతుంది, ఎక్కువ తింటుంది, చిరాకు పడుతుంది. ఈకలో దాదాపు 90 శాతం కెరటిన్ అనే ప్రొటీనే, అంత సరుకు ఒంట్లోంచే రావాలి. ఈ రోజుల్లో ఉడికించిన గుడ్డు ఒక చెంచా, వారానికి రెండుమూడుసార్లు చాలు.

విదేశీ పుస్తకాలు చదివి “ఇప్పుడు మోల్టింగ్ సీజన్ కాదు కదా” అనేవాళ్ళున్నారు. లండన్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలకు దిగుతుంది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర. దానిమీద అపార్ట్‌మెంట్ హాల్లో రాత్రి పదకొండింటిదాకా ట్యూబ్‌లైటు. పిట్ట ఒంట్లోని గడియారానికి ఋతువు ఎక్కడ తెలుస్తుంది? కాకటీల్ ఏడాదికి రెండుసార్లు రాల్చినా, చిన్న చిలుక బడ్జీ ఏడాది పొడుగునా కొంచెం కొంచెం రాల్చినా, పెద్ద చిలుక మొత్తం ఈకలు మార్చుకోవడానికి ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. నెల పేరు చూసి తీర్పు చెప్పకూడదు.

పదకొండింటికి మూడో ఫ్లోర్ ఆంటీ వచ్చారు, హిందూపురం ఆవిడ. చేతిలో చిన్న ట్రావెల్ కేజ్, అందులో గ్రీన్‌చీక్ కొన్యూర్ అనే చిన్న చిలుక.

“చూడు పాపా, ఇల్లంతా యాడ జూసినా ఈకలే. ఎండాకాలం వస్తాంది కదా, రాల్చుకుంటాంది అనుకున్యా. మావాడేమో స్ట్రెస్ అంటాడు.”

“తల చూశారా ఆంటీ?”

“తలకేమి, నున్నగా ఉంది.”

అదే అసలు సంగతి. తల నిగనిగలాడుతోంది, ఒక్క ఈక చెదరలేదు. మెడ కింద గీత గీసినట్టు అక్కడి నుంచి రొమ్మంతా బూడిదరంగు నూగు, తొడల లోపలి వైపు పచ్చి చర్మం. ముక్కు అందిన మేరా పాడై, అందని చోట చెక్కుచెదరలేదంటే పీకుతున్నది అదే. తలే బోడి అయి ఉంటే లెక్క మారిపోయేది: జత పిట్ట పీకుతుండాలి, లేదా రోగం. ఒళ్ళూ తలా రెండూ పోయి, కొత్త ఈకలు నొక్కుకుపోయి, తొడుగు విడవకుండా వంకరగా వస్తుంటే పీబీఎఫ్‌డీ అనే వైరస్ జబ్బు అనుమానించాలి. అది కూడా రెండు వైపులా సమానంగానే వస్తుంది. కాబట్టి ‘రెండు పక్కలా సమానంగా ఉంటే మోల్టింగే’ అన్న సూత్రాన్ని ఒంటరిగా నమ్మకూడదు.

రొమ్ము నూగు ఊది చూస్తే అడుగున మోడులు. కొరికిన ఈనెలు పళ్ళుతోముకునే బ్రష్ కుచ్చులా చీలి ఉన్నాయి. మొలక ఈకలు ఒకటి అరా ఉన్నాయి. అంటే మొలిచినవాటిని పూర్తిగా రానివ్వడం లేదు. రెక్క విప్పితే ఇంకో సంగతి: కొన్నచోటే రెక్కలు కత్తిరించి ఇచ్చారట, అదీ ఏటవాలుగా, మొరటుగా. ఆ కత్తిరించిన కాడలు కూర్చున్నప్పుడల్లా డొక్కలో గుచ్చుకుంటాయి. చాలా పిట్టలు కొరకడం అక్కడే మొదలుపెట్టి రొమ్ము మీదికి వస్తాయి.

తోక ఈకలో వెలుగుకు అడ్డంగా సన్నటి పారదర్శకమైన గీత. దీన్ని స్ట్రెస్ బార్ అంటారు. ఆ ఈక పెరుగుతున్న రోజుల్లో తిండో, జబ్బో, బెదురో పెరుగుదలను ఒక పూట ఆపిందని దాని అర్థం. ఆ పేరు వల్ల ఒక గందరగోళం ఉంది: ఆ గీత ఉన్నంత మాత్రాన పిట్ట ఇప్పుడు దిగులుగా ఉందని కాదు, అది ఎప్పటిదో. పరాయి ఇంట్లో పెరిగినప్పటిదైనా కావచ్చు. ఒకటి రెండు ఈకల్లో ఉంటే వదిలెయ్యొచ్చు, వరసగా అన్నింట్లో ఒకే ఎత్తులో ఉంటేనే ఆలోచించాలి.

ఇంట్లో ఏం మారిందని అడిగితే ఆంటీ ఒక్కొక్కటే చెప్పారు. పై ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని, పొద్దుణ్ణుంచీ డ్రిల్లింగ్. కూతురు హాస్టల్‌కు వెళ్ళిపోయింది, దాన్ని భుజం మీదేసుకుని తిప్పింది ఆ పిల్లే. కేజ్ బాల్కనీ నుంచి టీవీ పక్కకు మారింది. తిండి పొద్దుతిరుగుడు గింజలు, అదీ గిన్నె నిండా.

ఇన్ని కారణాలు వరసగా వినిపిస్తే ‘స్ట్రెస్’ అని తేల్చెయ్యబుద్ధవుతుంది. తేల్చకూడదు. స్ట్రెస్ అన్న పేరు అన్నిటికంటే చివర పెట్టాలి, ఒంటి జబ్బులన్నీ లేవని తేలాకే. కడుపులో జియార్డియా అనే క్రిమి ఉన్న కాకటీల్ రెక్కల కింద దురదతో పీక్కుంటుంది, చూడ్డానికి అచ్చం దిగులులాగే ఉంటుంది. జింక్ పూత వేసిన చవక జాలీని కొరికిన పిట్టకు జింక్ ఒంట్లోకెళ్ళి అదే లక్షణం వస్తుంది. ఒకేచోట, ఒక రూపాయి బిళ్ళంత మేర పీకుతుంటే ఆ చర్మం కింద నొప్పి ఉందేమో చూడాలి. గింజలొక్కటే తినే పిట్టకు విటమిన్ ఎ కరువై చర్మం పొడిబారుతుంది. మార్చిలో ఈ ఊరి గాలి మధ్యాహ్నానికి 30 శాతం తేమకు దిగినప్పుడు ఆ దురద రెట్టింపు.

అందుకని ముందు డాక్టరు. కుక్కలకూ పిల్లులకూ టీకాలు వేసే వీధి క్లినిక్ కాదు, పక్షులు చూసేవారే కావాలి. ఎవరూ తెలియకపోతే హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో అడిగి తెలుసుకోవచ్చు. అడగాల్సినవి: రెట్ట పరీక్ష, రక్త పరీక్ష, పీబీఎఫ్‌డీకి పీసీఆర్, లోహం అనుమానముంటే ఎక్స్‌రే. రెట్ట అప్పటికప్పుడు వేసినదే పనికొస్తుంది. నిన్నటిది డబ్బాలో తీసుకెళ్తే జియార్డియా కనిపించదు. ఆ క్రిమి రోజూ బయటపడదు కాబట్టి ఒకసారి లేదంటే పూర్తిగా లేదని కాదు, రెండుమూడు రోజులవి చూపించాలి. ఏరిన ఈకల్ని తేదీ రాసిన కవర్లో వేసుకెళ్తే డాక్టరుకు సగం కథ అక్కడే తెలుస్తుంది. ఎవరూ లేనప్పుడు ఫోన్ కెమెరా పెట్టి గంటసేపు తీసిన వీడియో ఇంకా మేలు. మామూలుగా సవరించుకునే పిట్ట ఈకను మొదలు నుంచి కొస దాకా ముక్కులో జార్చి వదిలేస్తుంది, తోక మొదట్లో నూనెగ్రంథి దాకా వెళ్ళొస్తుంది, ఒళ్ళంతా తిరుగుతుంది. పీకే పిట్ట ఒకేచోట ఆగి, ఒక్క గుంజు గుంజి, ఒక్కోసారి కీచుమని, ఆ ఈకను కాసేపు నములుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లో చెయ్యాల్సినవి ఉన్నాయి. అన్నీ ఒకేరోజు మారిస్తే దేనికి తగ్గిందో తెలియదు, పిట్టకు అదొక కొత్త బెదురు. ముందు నిద్ర. రాత్రి ఏడున్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా చీకటి, టీవీ లేని గదిలో. రెండోది చోటు: కేజ్ ఒక వైపు గోడకు ఆనించాలి. నలువైపులా తెరిచి ఉన్న చోట పిట్టకు కుదురు ఉండదు. డ్రిల్లింగ్ గంటల్లో ఇంట్లో అటు చివర గదికి మార్చాలి. స్నానం రోజూ, గోరువెచ్చటి నీళ్ళు, సన్నటి స్ప్రే, తల పైనుంచి వానలా పడేట్టు. పదకొండులోపు చేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది.

తిండి మార్పు నెమ్మదిగా. మొదటి వారం నాలుగింట మూడు వంతులు పాత గింజలు, ఒక వంతు పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల తిండి), తర్వాత వారం వారం పెంచుకుంటూ పోవాలి. పక్కన తురిమిన క్యారెట్, ఎర్ర క్యాప్సికం, గుమ్మడి, మునగాకు రెబ్బ. విటమిన్ ఎ తయారుచేసే సరుకు వీటిలో దండిగా ఉంది. ఆంటీ కొన్యూర్ 68 గ్రాములు తూగింది. 61కి దిగితే పదో వంతు పోయినట్టే, తిండి మార్పు ఆపి పాత గింజలు పెట్టెయ్యాలి.

ముక్కుకు పని కూడా కావాలి. అడవిలో తిండి వెతకడానికే రోజులో ఎక్కువ భాగం పోతుంది, ఇక్కడ గిన్నెలో పది నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పొద్దంతా ముక్కు ఎక్కడ పెట్టాలి? గింజల్ని కాగితం పొట్లాల్లో చుట్టడం, మొక్కజొన్న కండెను అలాగే వేలాడదీయడం, మందు కొట్టని జామ కొమ్మ బెరడుతో సహా ఇవ్వడం, తాటాకు మట్ట చీల్చి కట్టడం. బొమ్మల షాపు బిల్లు కన్నా ఇవే ఎక్కువసేపు నడుస్తాయి.

“కొబ్బరినూనె పసుపు రాస్తే?” అని అడిగారు ఆంటీ. వద్దు. నూనె పడితే ఈకలు అతుక్కుపోయి ఒంటి వేడి నిలవదు, పైగా అదంతా ముక్కుతో కడుపులోకే పోతుంది. వేపనూనె అయినా అంతే. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ, నాన్‌స్టిక్ పెనం మాడిన వాసన ఆ గదిలోకి రాకూడదు. చివరిది చర్మాన్ని దురద పెట్టడం కాదు, ప్రాణమే తీస్తుంది. పీకుతున్నప్పుడు అరవొద్దు. అరిస్తే మనిషి వచ్చాడని సంబరపడి మళ్ళీ పీకుతుంది. చూడనట్టు ఉండి, బొమ్మతో ఆడేటప్పుడు పలకరించాలి. మెడకు కాలర్ గాయాన్ని కాపాడుతుందే గానీ అలవాటును మాన్పదు. డాక్టరు చెప్తేనే.

పనిలో పని, రిజిస్ట్రేషన్ గురించి కూడా అడిగాను. గ్రీన్‌చీక్ సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. మన రామచిలుకనైతే 1972 వన్యప్రాణి చట్టం కింద పెంచడమే నేరం.

“నెలరోజుల్లో నిండుతుందా?” వెళ్తూ ఆంటీ ప్రశ్న. మొదలంటా పీకేసిన చోట కొన్ని వారాల్లో కొత్త ఈక మొలుస్తుంది, చర్మంలో ఈక మొలిచే కుదురు దెబ్బతినకపోతే. కొరికి మోడు మిగిలిన చోట ఆ మోడు రాలే దాకా, అంటే వచ్చే మోల్టింగ్ దాకా, ఏమీ రాదు. మళ్ళీ మళ్ళీ పీకిన చోట ఎప్పటికీ రాకపోవచ్చు. కాబట్టి బోడి ఎంత తగ్గిందని చూస్తే నిరాశే. వారానికొక ఫోటో, అదే కిటికీ, అదే వెలుగు, మొలక ఈకలు కిందటి వారం కన్నా ఎన్ని ఎక్కువ బతికాయో లెక్కపెట్టుకోవాలి. నెత్తురున్న మొలక ఈకను విరిచేసుకుంటే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు వేలితో నొక్కాలి, రొమ్ము మీద గట్టిగా నొక్కకూడదు, ఊపిరాడదు. అప్పటికీ ఆగకపోయినా, ఈకలు అయిపోయి చర్మాన్నే కొరుకుతున్నా, అపాయింట్‌మెంట్ శనివారమని ఆగకుండా అదే పూట తీసుకెళ్ళాలి.