మోకాలి కింద దిండు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో రైడ్‌కి వెళ్లి వెనక్కి మళ్లుతుంటే కుడిపాదం మట్టిలో నాటుకుపోయింది. ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలి లోపల ‘టప్’మంది. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే తాడు లాంటి ఏసీఎల్ లిగమెంటు తెగేది ఎక్కువగా ఇలాగే, పరుగులో ఉన్నట్టుండి ఆగినప్పుడో, తిరిగినప్పుడో, ఎగిరి దిగినప్పుడో. రెండు గంటల్లో మోకాలు బాగా ఉబ్బింది. అంత త్వరగా వాపు వచ్చిందంటే లోపల రక్తం చేరుతోందని అనుమానించాలి.

నాయనమ్మ ఆముదపాకు వెచ్చజేసి కట్టింది. మర్నాడు ఊళ్లో ఒకాయన నూనె రాసి గట్టిగా తోమాడు. వాపు ఇంకా పెరిగింది. మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన రెండూ వద్దు. కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, గుడ్డలో చుట్టిన ఐసు రెండు మూడు గంటలకోసారి పదిహేను నిమిషాలు ఉంచాలి.

మూడు వారాలకు వాపు తగ్గి మామూలుగా నడిచాను. ‘తగ్గిపోయిందిగా, ఇంక ఆ ఆటలు కట్టిపెట్టు’ అన్నాడు నాన్న. తిన్నగా నడవడానికి ఈ లిగమెంటుతో పెద్దగా పని ఉండదు, అందుకే చాలా ఇళ్లలో ఇక్కడే మోసపోతారు. పక్కకి తిరిగితే మోకాలు జారిపోయేది. అలా జారిన ప్రతిసారీ లోపలి మెత్త, అంటే మెనిస్కస్, నలిగి చిరిగే ప్రమాదం ఉంది.

ఎంఆర్ఐ చూసి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న ‘మళ్లీ ఆడతావా అమ్మా?’ అని. ‘ఆడదండీ’ అన్నాడు నాన్న. ‘ఆడతానండీ’ అన్నాను నేను. ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఆట మానేసేవాళ్లలో కొందరికి తొడ కండలు గట్టిపడే వ్యాయామంతోనే సరిపోతుంది. కబడ్డీ లాంటి మలుపుల ఆటకి తిరిగి వెళ్లాలంటే ఎక్కువగా ఆపరేషన్ చెబుతారు. మా ఇంటి గొడవ అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కాలి మీద మచ్చ పడితే సంబంధాలు రావని అమ్మ భయం. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కి 2017లో భుజం దెబ్బతిన్నా, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయిందని చెప్పాను. ‘ఆ అమ్మాయి సంగతి వేరు’ అన్నారు. ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఫిజియో చెప్పినట్టు కాలు పూర్తిగా చాచడం, తొడ కండ బిగించడం చేశాను. వాపుతో, వంగిపోయిన మోకాలితో ఆపరేషన్‌కి వెళ్తే తర్వాత కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

తొడ వెనక కండరం తాడు తీసి కొత్త లిగమెంటుగా వేశారు. ఇంటికి రాగానే అమ్మ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి, ‘కదిలించమాకు తల్లీ’ అంది. హాయిగానే ఉంటుంది, కానీ అదే అన్నిటికంటే పెద్ద తప్పు. వంగి ఉన్న మోకాలు అలాగే పట్టేసి, కొద్ది డిగ్రీలు తక్కువగా చాచుకున్నా జీవితాంతం కుంటు మిగలొచ్చు. దిండు మడమ కింద ఉండాలి, మోకాలి కింద ఖాళీగా ఉండాలి. నాకు పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు చెప్పారు. అమ్మ చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

తిండి దగ్గర ఇంకో పోరు. పప్పు తింటే చీము పడుతుందని నాయనమ్మ పత్యం పెట్టి, చారన్నమే వడ్డించింది. కరిగిపోయిన కండ మళ్లీ రావాలంటే మాంసకృత్తులే కావాలి. నా 55 కిలోల బరువుకి రోజుకి 80 గ్రాములకు పైనే అన్నారు. గుడ్డుకి వచ్చేది ఆరు గ్రాములే. ‘పప్పు, గుడ్లు పెట్టండి’ అని ఫిజియో ఫోన్‌లో చెప్పాకే పప్పు గిన్నె నా ముందుకొచ్చింది.

నేల మీద సక్లముక్లం, నేల మరుగుదొడ్డి మూడు నెలలు వద్దన్నారు. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొన్నాం. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

రెండో నెల దాటాక నొప్పి పోయింది. జాగ్రత్త పడాల్సింది అప్పుడే. వేసిన తాడు ఒంట్లో కలిసే క్రమంలో ఆ రోజుల్లోనే బలహీనంగా ఉంటుంది. తొమ్మిది నెలలలోపు మలుపుల ఆటకి దిగితే మళ్లీ తెగే ముప్పు బాగా ఎక్కువ. నెలలు నిండితే చాలదు, పరీక్షలూ దాటాలి. నాన్న తన వడ్రంగి టేపుతో మోకాలిచిప్పకి 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టూ కొలిచేవాడు. మొదట్లో రెండు కాళ్లకీ మూడు సెంటీమీటర్ల తేడా. ఏడో నెలలో ఒంటికాలి గెంతు ఎడమకి 120 సెంటీమీటర్లు, కుడికి 96, అంటే ఎనభై శాతం. తొంభై దాటాలి.

తొడ వెనక కండకి ఒక వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద నిలబడి, నడుము వంచకుండా ముందుకి మెల్లగా ఒరగాలి. వెనక నుంచి ఎవరైనా మడమలు అదిమి పట్టుకోవాలి. ఆ తాడు అక్కడి నుంచే తీశారు కాబట్టి ఆరో నెల దాటాకే మొదలుపెట్టించారు. ఐదేసి చొప్పున మూడుసార్లు. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను ఆడటం ఇప్పటికీ ఇష్టం లేని అమ్మ, చీర కుచ్చిళ్లు దోపుకుని నా మడమలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టింది.