అండం పక్వత: పీజీ ఎంట్రన్స్‌కి నేను చదివిన పద్ధతి

నీట్ పీజీకి చదివేటప్పుడు ఊజెనిసిస్ (అండం తయారవడం) ఫిజియాలజీలో వస్తుంది, ఓవ్యులేషన్ (అండం విడుదల), ఐవీఎఫ్ గైనిక్‌లో వస్తాయి. వీటిని విడివిడిగా బట్టీ పట్టకండి, ఒకే సిట్టింగ్‌లో చదవండి. నాకు ఈ టాపిక్ పట్టుబడింది ప్రతి హార్మోన్ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవడం వల్ల: దీని రిసెప్టర్ ఏ కణం మీద ఉంది?

ఆడశిశువు కడుపులో ఉండగానే అండకణాలు మియోసిస్ (క్రోమోజోములను సగం చేసే విభజన) మొదలుపెట్టి, ప్రొఫేజ్-1లోని డిప్లోటీన్ దశలో ఆగిపోతాయి. కొన్ని నలభై ఏళ్లకు పైగా అలాగే ఉంటాయి. 1935లో పింకస్, ఎంజ్‌మన్ కుందేలు అండకణాలను ఫాలికిల్ (అండాశయంలో అండకణాన్ని చుట్టి ఉండే సంచి) నుంచి బయటికి తీస్తే, ఏ హార్మోనూ ఇవ్వకుండానే మియోసిస్ మళ్లీ మొదలైంది. అంటే వాటిని ఆపి ఉంచేది ఫాలికిలే. ఈ ప్రయోగం గుర్తుంటే మిగతాది దానంతటదే వస్తుంది.

ఎలా ఆపుతుంది? అండకణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు ఎక్కువగా ఉన్నంతకాలం మియోసిస్ కదలదు. ఫాలికిల్ లోపలి వరుసలోని గ్రాన్యులోజా కణాల నుంచి వచ్చే సీఎన్‌పీ అనే పెప్టైడ్, అండకణాన్ని అంటిపెట్టుకుని ఉండే క్యుములస్ కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే మరో సంకేత అణువును తయారు చేయిస్తుంది. అది గ్యాప్ జంక్షన్ల (కణాల మధ్య సన్నని దారుల) గుండా అండకణంలోకి చేరి, సైక్లిక్ ఏఎంపీని విడగొట్టే పీడీఈ-3ఏ ఎంజైమ్‌ని పని చేయనివ్వదు.

పిట్యూటరీ నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ గ్రాన్యులోజా మీద పనిచేసి, ఈస్ట్రడయోల్ తయారుచేసే అరోమటేజ్ ఎంజైమ్‌ని, తర్వాత ఎల్‌హెచ్ (పిట్యూటరీ నుంచే వచ్చే మరో హార్మోన్) రిసెప్టర్లను పెంచుతుంది. ఈస్ట్రడయోల్ మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు దాటి సుమారు రెండు రోజులు నిలబడితే ఎల్‌హెచ్ సర్జ్ (ఒక్కసారిగా పెరగడం) వస్తుంది.

అసలు మలుపు ఇక్కడే. ఎల్‌హెచ్ నేరుగా అండకణం మీద పనిచేయదు. రిసెప్టర్లు ఉన్నది థీకా (ఫాలికిల్ బయటి పొర) మీద, బయటి వరుస గ్రాన్యులోజా మీద. ఆ గ్రాన్యులోజా కణాలు యాంఫిరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ అనే ఈజీఎఫ్ తరహా గ్రోత్ ఫ్యాక్టర్లను వదులుతాయి. క్యుములస్ కణాలు వాటిని అందుకుంటాయి, హయలురోనిక్ ఆమ్లంతో విచ్చుకుంటాయి. సైక్లిక్ జీఎంపీ పడిపోతుంది, పీడీఈ-3ఏ లేస్తుంది, సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, మియోసిస్‌ని ముందుకు నడిపే ఎంపీఎఫ్ చురుకవుతుంది. మొదటి పోలార్ బాడీ (విభజనలో విడిపోయే చిన్న కణం) బయటికొచ్చి, అండం మెటాఫేజ్-2లో మళ్లీ ఆగుతుంది. ఇందులో చాలా భాగం చిట్టెలుకల్లో తేలిన సంగతే అయినా, మనిషి ఫాలిక్యులర్ ద్రవంలోనూ యాంఫిరెగ్యులిన్ దొరికింది.

అండం ఊరికే కూర్చుని ఉండదు. జీడీఎఫ్-9, బీఎంపీ-15 అనే గ్రోత్ ఫ్యాక్టర్లను తానే వదిలి చుట్టూ ఉన్న గ్రాన్యులోజాని నడిపిస్తుంది. ఈ రెండూ ఎక్కడి నుంచి వస్తాయో తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

హౌస్ సర్జన్సీలో ఐవీఎఫ్ కేస్ షీట్లు చూసే అవకాశం వస్తే వదులుకోకండి. నేను చూసిన షీట్‌లో హెచ్‌సీజీ ట్రిగ్గర్ (ఎల్‌హెచ్ సర్జ్ బదులు ఇచ్చే ఇంజెక్షన్) టైమ్ ఎర్ర ఇంకుతో, చుట్టూ గీత గీసి ఉంది: రాత్రి 10. పికప్ (అండాలను బయటికి తీయడం) ఎల్లుండి ఉదయం 9కి. ట్రిగ్గర్ తర్వాత 34–36 గంటలు ఎందుకో పైన చదివిందే చెబుతుంది: మియోసిస్ ముందుకు కదలాలి, క్యుములస్ విచ్చుకోవాలి, ఫాలికిల్ మాత్రం ఇంకా పగలకూడదు. ల్యాబ్ రిపోర్టులో జీవీ (ఇంకా ప్రొఫేజ్-1లోనే ఉన్నది), ఎంఐ (మెటాఫేజ్-1), ఎంఐఐ (మెటాఫేజ్-2) అని రాస్తారు. పోలార్ బాడీ కనిపించిన ఎంఐఐ అండాలనే ఇక్సీకి (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతికి) తీసుకుంటారు.

ఇదే పద్ధతిలో వెంటనే పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) కూడా చదివేయండి. ఏఎంహెచ్ (చిన్న ఫాలికిల్స్ వదిలే హార్మోన్) ఎందుకు ఎక్కువ, చిన్న యాంట్రల్ ఫాలికిల్స్ ఎందుకు ఎదగకుండా నిలిచిపోతాయి అన్నవి అక్కడ తరచూ అడిగే ప్రశ్నలు.