పర్లాకిమిడిలో మేము, ఒహాయో ఎమర్జెన్సీలో తమ్ముడు

మా పర్లాకిమిడిలో అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే పెద్దగా ఆలోచించేదేం ఉండదు. ముందు జిల్లా ఆసుపత్రి. అక్కడ కాదంటే బరంపురం మెడికల్ కాలేజీ, లేదా పాతపట్నం మీదుగా శ్రీకాకుళం. 108 వస్తుంది, పైసా అడగదు. అమెరికాలోని ఒహాయోలో ఎం.ఎస్. చేస్తున్న తమ్ముడికి నొప్పి వచ్చినప్పుడు మాత్రం అసలు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడమే పెద్ద పనైంది.

"అక్కా, ముందు బొడ్డు చుట్టూ ఉండేది, ఇప్పుడు కుడిపక్కకి దిగిపోయింది. వాంతులు కూడా" అన్నాడు. వాడికి శనివారం రాత్రి, మాకు ఆదివారం పొద్దున్న. యూనివర్సిటీ హెల్త్ సెంటర్ మూసేసి ఉంది. అర్జెంట్ కేర్ (చిన్నాచితకా సమస్యలు చూసే క్లినిక్) అయితే చవక అని రూమ్మేట్ల సలహా. ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్సు లైన్ (ఫోన్లో నర్సు సలహా ఇచ్చే) నంబరుంటే ముందు దానికి చెయ్యమన్నాను. ఆ నర్సు జ్వరం ఎంతుంది, నొక్కి వదిలితే నొప్పి పెరుగుతోందా అని అడిగి, నేరుగా ఎమర్జెన్సీకే పొమ్మంది. జ్వరాలు, బెణుకులు, కుట్ల వరకు అర్జెంట్ కేర్ సరిపోతుంది. సర్జన్ అక్కడ ఉండడు, సీటీ స్కాన్ కూడా మామూలుగా ఉండదు.

అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేస్తే అంబులెన్స్ వస్తుంది గానీ, ఇన్సూరెన్స్ ఉన్నా బిల్లు వెయ్యి డాలర్లు దాటొచ్చు. స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా ఆ లెక్క చూడకూడదు. వీడు నడవగలుగుతున్నాడు కాబట్టి రూమ్మేట్ కారులో తీసుకెళ్లాడు. ఎమర్జెన్సీలో ముందు డబ్బు కట్టమనలేదు. 1986లో వచ్చిన చట్టం ప్రకారం, ఎవరొచ్చినా పరీక్ష చేసి పరిస్థితి నిలకడగా ఉండేలా చూడాల్సిందే. చూస్తారు సరే, ఉచితంగా కాదు.

ఆ తర్వాత వాడి ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వివరాలు చెప్పం అన్నారు. పద్దెనిమిదేళ్లు నిండినవాడు ఒప్పుకుంటే తప్ప కన్నవాళ్లకైనా చెప్పరట. "కన్నవాళ్లం కదండీ!" అని నాన్న తెలుగులోనే అరిచారు. వాడు నర్సుకి మా పేర్లు, నంబర్లు ఇచ్చాక వాళ్లే ఫోన్ చేశారు.

అమ్మకి తెలుగు, ఒడియా తప్ప రావు. ఆసుపత్రివాళ్లే ఉచితంగా ఫోన్లోకి తెలుగు దుబాసీని కలిపారు. ఆ వృత్తిలో డాక్టరు మాటని డాక్టరు అన్నట్టే చెప్పాలట. "నేను సర్జన్‌ని. చిన్న రంధ్రాలు పెట్టి మీ అబ్బాయి అపెండిక్స్ తీస్తాను" అని దుబాసీ అనేసరికి అమ్మ, "మనోడివేనా బాబూ? ఏ ఊరు నాయనా మీది?" అంది. ఆయన దాన్ని కూడా పొల్లుపోకుండా ఇంగ్లీషులో డాక్టరుకి అప్పజెప్పాడు. అవతలి నుంచి జవాబొచ్చింది: "క్లీవ్‌లాండ్." అంత టెన్షన్లోనూ నాకు నవ్వాగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది, మర్నాడే పంపేశారు.

బిల్లులు మాత్రం ఒకేసారి రాలేదు. ఆసుపత్రిది, సర్జన్‌ది, మత్తు డాక్టరుది, స్కాన్ చూసినవాళ్లది వేర్వేరుగా, వారాల తరబడి వచ్చాయి. ఇన్సూరెన్స్ నుంచి వచ్చే ఈఓబీ (వాళ్లెంత కడతారు, మనమెంత కట్టాలి అని చెప్పే కాగితం) బిల్లు కాదు, అది చూసి కంగారుపడి కట్టేయకూడదు. అందులో మన వాటా ఎంతని వేశారో, ఆసుపత్రి బిల్లు దానితో సరిపోవాలి. మత్తు డాక్టరు నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో) లేడంటూ మా దగ్గర ఎక్కువ వేశారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ప్రకారం ఎమర్జెన్సీలో అలా వేయకూడదు. రోడ్డు అంబులెన్స్‌కి మాత్రం ఈ చట్టం వర్తించదు, విడ్డూరం!

క్లాసుల విషయంలో వాడు జాగ్రత్తగానే ఉన్నాడు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఆరోగ్యం బాగోలేక కోర్సులు తగ్గించుకోవాలంటే, డాక్టరు ఉత్తరం చూపించి ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతి ముందే తీసుకోవాలి. అడక్కుండా వదిలేస్తే వీసా స్టేటస్ పోతుంది. వీడు అనుమతి చేతికొచ్చాకే ఒక కోర్సు వదిలాడు. మత్తు డాక్టరు బిల్లు మీద పెట్టిన అప్పీలు ఇంకా నడుస్తోంది.