ఇండికా డీజిల్: ఎయిర్ పట్టే చోటు తేలింది

దొరికింది! రిపేరు ఇంకా కాలేదు గానీ డీజిల్ లైనులోకి గాలి ఎటు నుంచి దూరుతోందో మాత్రం తేలిపోయింది.

పాత 1405 సీసీ ఇండికా, రోటరీ పంపు. సాయంత్రం లైనులోని ఎయిర్ తీసి పెడితే పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుని, కాసేపటికే ఆగిపోతుంది. ఎక్కడా చుక్క డీజిల్ కారదు. పంపు లోపల తిరిగే రెక్కలే (వేన్) డీజిల్‌ని ట్యాంకు నుంచి లాగుతాయి కాబట్టి ఆ దారిలో సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. తడి కోసం వెతికి లాభం లేదు.

పంపు ఇన్‌లెట్ దగ్గర 8 ఎంఎం ట్రాన్స్‌పరెంట్ గొట్టం పెట్టి చూస్తే, రాత్రి నిండుగా ఉన్నది పొద్దున దాదాపు 30 సెం.మీ. ఖాళీ. ముందుభాగం పల్లానికి పెట్టి ఆపితే ఖాళీ 5 సెం.మీ. మించలేదు, బండి ఒక్క సెల్ఫ్‌కే నిలిచింది. డీజిల్ ట్యాంకులోకి జారిపోతోందన్నమాట.

తర్వాత సీసా పరీక్ష. లీటరు సీసాలో మంచి డీజిల్ పోసి నేరుగా పంపుకి ఇస్తే బుడగే లేదు, కాబట్టి పంపు షాఫ్ట్ సీల్ బాగున్నట్టే. అదే సీసాను పంపు కంటే కిందికి దించి ఫిల్టర్ ఇన్‌లెట్‌కి ఇస్తే పెసరగింజంత బుడగలు వరసగా! ఫిల్టర్ ఓ-రింగ్ (రబ్బరు రింగు), ఎయిర్ తీసే బ్లీడింగ్ స్క్రూ కింద రాగి వాషర్ మార్చినా ఆగలేదు. ఫిల్టర్ హెడ్ మీద చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే ప్రైమర్ బటన్ అంచు చుట్టూ గ్రీజు దట్టంగా పూస్తే మాత్రం టక్కున ఆగాయి. నా అంచనా: నొక్కినప్పుడు ఒత్తిడికి లోపలి రబ్బరు అతుక్కుంటుంది, వాక్యూమ్‌కి విడిపోతుంది. అందుకే ప్రైమర్ గట్టిగానే తగులుతూ మోసం చేస్తోంది.

ఇంజెక్టర్ పైపుల నట్లు 17 పానాతో వదులు చేసి ఎయిర్ తీయడం మామూలుగానే అయిపోయింది.

ఫిల్టర్ మాత్రం బాష్‌దే వేస్తాను, ఓ-రింగ్ సరిగ్గా కూర్చుంటుంది. స్క్రూ క్లిప్పులు గట్టిగా బిగిస్తే గొట్టాన్ని కోసేస్తాయి. చుట్టూ సమంగా పట్టే రింగు క్లిప్పులే మేలు. పంపుకి గొట్టాలు కలిపే బాంజో బోల్టులు (మధ్యలో రంధ్రం ఉండేవి) విప్పేవాళ్లు ‘ఔట్’ అని ఉన్నదాన్ని ఇన్‌లెట్‌కి బిగించొద్దు. దాని రంధ్రం సన్నం, పంపుకి డీజిల్ చాలదు.

ఇక ప్రైమర్ లేని ఫిల్టర్ హెడ్ వేసి, ట్యాంకు వైపు లైనులో రబ్బరు బల్బు ప్రైమర్ పెట్టాలి, బాణం గుర్తు ఫిల్టర్ వైపుకి, నిలువుగా. పీవీసీ డీజిల్‌కి గట్టిపడి పగులుతుంది కనుక ట్రాన్స్‌పరెంట్ గొట్టం తీసేసి డీజిల్ హోసు వేస్తాను. మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ లైను అల్లిక గొట్టాలు కూడా ఎండిపోయి ఉన్నాయి, వాటి వంతూ అప్పుడే.